గోడకు తిప్పి పెట్టిన ఫోటో

జెర దగ్గరికి జరగండి బిడ్డా, చాప మీద జాగ ఉన్నది. చేతిల పనుంటే చేసుకుంటనే వినండి. నేను గూడ ఈ చిక్కుడుకాయ ఈనెలు తీసుకుంటనే చెప్త.

ఇయ్యాల పొద్దుగాల ముత్తంగి కాడ ఆటో దిగంగనే కొత్త రంగు వాసన ముక్కుకు తగిలింది. వంతెన స్తంభాలకు మళ్ల బొమ్మలేస్తున్నరు. ఆ వాసనకు నా కాళ్లు ఆగిపోయినయి. చెయ్యి దానంతట అదే పైకి లేసింది, గొడుగు పట్టనీకి. ఎవరికి పడుత? ఆ గొడుగు కింద నిలబడే మనిషి పోయి రెండేండ్లాయె.

ఆమె పేరు సుభద్రమ్మ, నేను అమ్మ అనే పిలిచేది. కోస్తా దిక్కు మనిషి. పెద్ద ఫ్యాక్టరీల డ్రాయింగులు గీసే కాడ పని చేసి రిటైరైంది. బీరంగూడల ఆమె ఇంటెనక అర్రల నేను పన్నెండేండ్లు కిరాయికున్న. నేను మందుల కంపెనీల డబ్బాలు సర్దే పనికి పోయేదాన్ని, కాంట్రాక్టు మీద. సెలవు దొరికిన నాడు ఆమె కెమెరా మెడల ఏసుకుంటే, నేను గొడుగు, ముక్కాలిపీట పట్టుకుని ఎనక నడిచేది. జాతరలు, ఊరేగింపులు, సంతలు, గోడల మీద బొమ్మలు, ఏదీ విడవకపోయేది. గోడ బొమ్మ కాడైతే పీటేసుకుని గంటలు కూసునేది.

"ఎండ ఎక్కుతున్నదమ్మా. గోడ యాడికన్న పోతదా? ఒక ఫోటో కొట్టి పోదాం" అంటుంటి.

"గోడ ఎక్కడికీ పోదే మల్లమ్మా. దాని ముందు నుంచి నడిచేవాళ్ళే పోతారు. వాళ్ళు రానీ."

ఆమెకు ఇంకో అలవాటుండె. ఫోటో కొట్టినంక ఆ మనిషి కాడికి పోయి, కెమెరాల చూపించి, "ఉంచనా, తీసేయనా?" అని అడిగేది. తీసెయ్యిమంటే వాళ్ల కండ్ల ముందటనే తీసేసేది. ఎన్ని మంచి ఫోటోలు గట్ల పోయినయో నాకు తెలుసు. ఒకనాడు ఈ ముత్తంగి స్తంభం కిందనే, దాని మీద నోరు తెరిచిన పెద్దపులి, ఆ నోట్ల తల పెట్టినట్టు ఒరిగి నిద్రపోతున్న లారీ లోడింగు పిలగాడు. ఎంత బాగొచ్చిందో చెప్పలేను. లేసినంక చూపిస్తే వాని ముఖం మాడిపోయింది. "హటా దో మాజీ" అన్నడు, తీసెయ్యిమని. బీహార్ల వాళ్ల ఊరందరికి ఆఫీసు కొలువని చెప్పుకున్నడట. అమ్మ వాని ముందటనే తీసేసింది.

తొవ్వ పొడుగూత నేను గొణుగుడే. "వాడు ఎన్నడన్న చూస్తడా? వాడు వద్దన్నది ఎవరికి ఎరుక?"

"నాకు ఎరుక కదే" అన్నది, నా మాటనే నాకు అప్పజెప్పుకుంట. ఆ మాట అప్పుడు నాకు తలకెక్కలేదు. నా మీదికి వచ్చినంక ఎక్కింది.

ఒక ఏడు బోనమెత్తుతనని మొక్కుకున్న. బోనాల ఆదివారం నాడే కంపెనీల అందరిని పనికి రమ్మన్నరు. సెలవడిగితే సూపర్‌వైజరు సారు ఇయ్యనన్నడు. ఇగ నేను జ్వరమని ఫోన్ చేయించి, బోనమెత్తుకుని బజారుల నడిచిన. తొవ్వల ఒక గోడ మీద ఎవరో బోనమెత్తిన ఆడిమనిషి బొమ్మ గీసిండ్రు. నేను ఆ గోడ పక్క నుంచి పోతుంటే అమ్మ ఫోటో కొట్టింది. గోడ మీది ఆమె, నేను, ఇద్దరం ఒక్క అడుగుల నడుస్తున్నట్టే ఉన్నది. నా ముఖం అంత సంబురంగ ఉంటదని నాకే తెల్వదు. "ఉంచనా?" అంటే, "ఇది తీసేస్తే మీతోటి మాట్లాడ" అన్న.

కొన్ని నెలలకు సంగారెడ్డిల ఒక హాలు కిరాయికి తీసుకుని అమ్మ ఫోటోలన్ని పెట్టాలని వాళ్లు వీళ్లు కలిసి అనుకున్నరు. ఆమె బతుకుల అదే మొదటిది. దర్వాజ ఎదురుంగనే పెట్టనీకి నా ఫోటో పటం నా అంత ఎత్తు చేయించి ఇంట్ల పెట్టింది. నేను పొంగిపోయిన. రెండు దినాలకు కంపెనీల సూపర్‌వైజరు సారు అంటడు, "ఈ ఆదివారం అందరు ఫోటోలు చూడనీకి రావాలె. చాయ్, సమోస మన కంపెనీయే పెడుతున్నది."

దర్వాజలనే నా బోనం ఫోటో సారు కండ్ల పడుతది, జ్వరమన్నది అబద్ధమని తెలుస్తది. అంతకు ముందు నెలనే, తల్లికి బాగలేదని చెప్పి పెండ్లికి పోయిన పిల్ల పేరు కొట్టేసిండ్రు. బోనాలు ఏ దినమో ఊరందరికి ఎరుకే. నా పని పోతే ఇల్లు నడవది.

ఆ పొద్దు అమ్మ ఇంట్లకు పోయి, తోమిన గిన్నెలే మళ్ల తోముకుంట నిలబడ్డ.

"ఏమే, ఆ గిన్నెకి చిల్లు పెడతావా? సంగతేంటో చెప్పు."

చెప్పిన. "ఉంచుమన్నది నేనే గదమ్మా. ఇప్పుడు వద్దంటే మాట తప్పినట్టాయె."

ఆమె ఆ పెద్ద పటం కాడ కూసుని దాని అంచు కొంగుతోటి తుడిచింది. నేను ఆమె ముఖం దిక్కు చూడలేకపోయిన. తర్వాత లేసి కంప్యూటరు పెట్టింది. నా ఎదురుంగనే ఆ ఫోటో తీసేయబోయింది. నేను చెయ్యి పట్టుకుని ఆపిన. "గోడ మీద పెట్టకుంటే సాలమ్మా, ఇది ఉండనీ."

"పులి కింద అబ్బాయికి ఒక న్యాయం, నీకొకటా? నా దగ్గర ఉంటే ఎప్పుడో ఒకప్పుడు నాకు ఆశ పుడుతుంది. వదులు."

తీసేసింది. పటం మాత్రం నా చేతుల పెట్టింది. "ఇది నీది. దాచుకుంటావో తగలబెట్టుకుంటావో, నన్నడగకు."

ఆదివారం గుండె చిక్కబట్టుకుని హాలుకు పోయిన. దర్వాజ ఎదురుంగ ఉత్త గోడ, ఒక మొల. మొల కింద చిన్న కాగితం. పక్కామె చదివి చెప్పింది: ఈ ఫోటోలోని మనిషి వద్దన్నారు. మిగిలిన ఫోటోల కన్న ఆ ఉత్త గోడ కాడనే జనం ఎక్కువ. సారు గూడ చదివి నవ్విండు. "ఎవరమ్మా గామె?"

"చెప్పేదాన్నైతే ఆ కాగితం ఎందుకు పెడతాను నాయనా? సమోసాలు చల్లారుతున్నాయి, వెళ్ళండి" అన్నది అమ్మ.

ఆయన నా పక్క నుంచే పోయి సమోస తీసుకున్నడు. నేను గూడ రెండు తిన్న. ఉప్పు ఎక్కువున్నది, అయినా అంత రుచి సమోస మళ్ల తినలేదు. ఆ పని ఇంకా ఏడేండ్లు చేసిన.

పటాన్ని బియ్యం డ్రమ్ము ఎనక, ముఖం గోడకు తిప్పి పెట్టిన. కంపెనోళ్లు ఎవరన్న ఇంటికొస్తే భయం. అమ్మ పోయిన దినం గూడ తిప్పలేదు. పోయిన నెల వయసైపోయిందని నేనే పని బంద్ చేసిన. ఇంటికొచ్చి చెప్పులు విడవకుంటనే డ్రమ్ము జరిపి, పటం తుడిచి ఇటు తిప్పిన. అదిగో, మీ ఎనకనే ఉన్నది, చూడండి. ఇంకేడ లేదు అది.

పొద్దుగాల ముత్తంగి కాడ, ఆరని రంగు ముందట ఒకామె జామకాయల గంప దించుకుని కూసున్నది. స్తంభం మీద నెమలి, దాని కింద ఆమె. ఫోన్ల ఫోటో కొట్టి, దగ్గరికి పోయి చూపించిన. "ఉంచనా, తీసేయనా?"

"తీసెయ్యి అక్కా, కొంగు చినిగి ఉన్నది" అన్నది.

ఆమె చూస్తుండంగనే తీసేసిన. మనసుకు నిమ్మళమైంది. ఆమె నవ్వి ఒక జామకాయ చేతుల పెట్టింది. అండ్ల సగం మీకే తెచ్చిన, తినండి.

మీ ఇల్లు సల్లగుండ బిడ్డా. మీ ఇంట్ల ఎవ్వరి ముఖం గోడకు తిప్పి పెట్టే అవసరం రాకుండ ఉండుగాక.