ఆయ్ అన్నంత మాత్రాన

మంగళవారం మధ్యాహ్నం మా పోస్టుమాస్టరుగారు పోయారు. వాళ్ళ కోడలు మా గేటు దగ్గర నిలబడి, "మావయ్యగారు అన్నం తిని పడుకున్నారండి, ఇంక లేవలేదండి" అంది. ఎన్ని గంటలకని అడిగాను. రెండున్నర ప్రాంతమంది. ప్రాంతమంటే కుదరదు, సరిగ్గా చెప్పమన్నాను. ఆ పిల్ల నన్ను చూసి ఏడుపు ఆపేసింది. చావు కబురు తెచ్చిన మనిషిని అలా అడక్కూడదని నాకూ తెలుసు. కానీ ఆ సమయంలో ఆయనుంటే ఆయనే అడిగేవారు. కాగితం మీద "సుమారు" అన్న మాట కనిపిస్తే ఆయనకి అన్నం సయించేది కాదు.

అంబాజీపేటకి ఆనుకున్న ఊరు మాది. కాలవకి ఇవతల మా ఇల్లు, అవతల వాళ్ళిల్లు. రిటైరయ్యాక ఆయనకి ఒకటే పని, అచ్చయినది ఏది దొరికినా చివరిదాకా చదవడం. టానిక్కు సీసా మీద చీటీ, శుభలేఖ అడుగున ప్రెస్సు పేరు, ఏదీ వదలరు. ఓసారి కొత్తపేటలో దిగాల్సిన మనిషి బస్సు టిక్కెట్టు వెనక నిబంధనలు చదువుతూ రావులపాలెం వెళ్ళిపోయారు. కండక్టరు ఇంకో టిక్కెట్టు కొట్టాడు. దాన్నీ చదివారు.

అలాంటి మనిషి సాయం నాకు కావలసి వస్తుందని అనుకోలేదు. నేను ఆ రోజుల్లోనే బి.ఏ. చదివినదాన్ని. పాల లెక్కలో అరగ్లాసు తేడా మా ఇంట్లో జరగదు. కానీ కళ్ళకి శుక్లాలొచ్చాయి. ఆపరేషను ఏడాది ఆగి చేయించుకోవచ్చని డాక్టరు చెప్పాడు. ఆపరేషనుకని దాచిన డిపాజిట్టు గడువు తీరితే, ఆ ఏడాదికీ మళ్ళీ వేద్దామని బ్యాంకుకి వెళ్ళాను. మెడలో కార్డు వేసుకున్న ఒక అమ్మాయి "అమ్మమ్మగారూ" అంటూ కుర్చీ వేసి, మజ్జిగ తెప్పించింది. డిపాజిట్టు కంటే మంచిదొకటుంది, ఒక్కసారి వేస్తే చాలంది. ఫారం తనే నింపింది. చేతిరాత ముత్యాల్లా ఉంది. రాత పొందిగ్గా ఉన్నవాళ్ళు మోసం చెయ్యరని నాకో నమ్మకం. టిక్కు పెట్టిన చోటల్లా సంతకం చేశాను, అదీ గీత దాటకుండా.

ఏడాది తిరిగాక వెళితే, అది డిపాజిట్టు కాదు బీమా అన్నారు. ఇలా పదేళ్ళు కట్టాలట. మానేస్తే కట్టినదాంట్లో కూడా చాలావరకు పోతుందట. నాకు డెబ్భై మూడు. ఆ అమ్మాయికి బదిలీ అయిపోయింది. చూస్తే కళ్ళు మసకలు, చేతిలో ఆపరేషను డబ్బు లేదు. పిల్లలకి చెప్పుకోలేను. చదవకుండా సంతకం పెట్టొద్దని వాళ్ళని చిన్నప్పటినుంచీ తిట్టింది నేనే.

చివరికి ఆ బీమా బాండు పట్టుకెళ్ళి పోస్టుమాస్టరుగారి చేతిలో పెట్టాను. మా దూరపు చుట్టానిదని చెప్పాను. మూడు రోజులు చదివారు. నాలుగో రోజు వచ్చి, "అక్కగారూ, మీ దూరపు చుట్టం పేరూ మీ పేరూ ఒకటేనండి" అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆయన నవ్వలేదు. "ఇంతకీ కొబ్బరి ఎగుమతి వ్యాపారం ఎప్పుడు మొదలెట్టేరండి?" అని అడిగారు. ఫారంలో నా వృత్తి అదట. మా పెరట్లో చెట్లు ఆరు, అందులో ఒకటి కాయదు. అంబాజీపేటలో లోడయ్యే లారీలన్నీ నావే అన్నట్టు ఆదాయం వేసింది ఆ ముత్యాల చేతిరాత.

అర్జీ మాత్రం ఆయన రాసిపెట్టరు. సంతకం చేసిన చెయ్యే అర్జీ కూడా రాయాలనేవారు. నేను ఆరు పేజీలు రాశాను. ఆయన పెన్సిలు తీసి "దుర్మార్గం" కొట్టేశారు, "నమ్మకద్రోహం" కొట్టేశారు. "పైనున్న దేవుడు చూస్తూ ఊరుకోడు" అన్న చోట ఆగి, "దేవుడికి విడిగా పెట్టుకుందామండి, ఇది కంపెనీకి" అన్నారు. అరపేజీ మిగిలింది. అందులోనూ ఒక వత్తు తప్పు పట్టారు. అదింకా నాకు కోపమే.

కంపెనీవాళ్ళు జవాబిచ్చారు. రద్దు చేసుకునే గడువు దాటిపోయిందట. పైగా పాలసీ ఇచ్చే ముందు ఫోను చేసి అన్నీ చెప్పామని, నేను ఒప్పుకున్నానని, రికార్డింగు కూడా పంపారు. విన్నాం. గొంతు నాదే. పదేళ్ళు కట్టాలండి అంటే "ఆయ్" అన్నాను. మధ్యలో తీసుకుంటే నష్టమండి అంటే "ఆయ్". పదకొండు ఆయ్‌లు. ఆయన గీతలు పెట్టి లెక్కేశారు. నేను బాండు మడిచి సంచిలో పెట్టేసుకున్నాను. ఆయన మాత్రం పోయిన మనియార్డరు దొరికినట్టు మొహం పెట్టి, ఇంకోసారి వేయమన్నారు.

మా కోనసీమ సంగతి తెలియనివారికి చెప్పాలి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్య ఆయ్ అనకపోతే ఇక్కడ పొగరంటారు. ఆ ఫోనొచ్చినప్పుడు నేను పొయ్యి మీద పాలు చూసుకుంటూ మర్యాదకి అన్నాను. ఆ మర్యాదే నా మెడకి చుట్టుకుంది.

బీమా ఫిర్యాదులు వినే అధికారి ఒకరుంటారు, అంబుడ్స్‌మన్ అంటారు. ఆయనకి రాసుకోవడానికి ఫీజు లేదు, రాశాను. ఆ విచారణ వీడియోలో జరిగింది. వాళ్ళ కోడలి ఫోను మంచినీళ్ళ చెంబుకి ఆనించి ఇద్దరం కూర్చున్నాం. మీరెవరని అధికారి అడిగితే, పొరుగువాణ్ణండి, ఆవిడకి కళ్ళు ఆనవండి అన్నారు పోస్టుమాస్టరుగారు. కంపెనీ మనిషి, ఆవిడ పదకొండుసార్లు ఒప్పుకున్నారన్నాడు. పోస్టుమాస్టరుగారు చివరి రెండూ వినిపించమన్నారు.

"మీకేమైనా సందేహాలున్నాయాండి?"

"ఆయ్."

"ఏం లేవు కదండి?"

"ఆయ్."

ఇంతకీ ఉన్నట్టా లేనట్టా అని అధికారి అడిగారు.

"మా వేపు ఆయ్ అంటే మీ మాట చెవిన పడిందనండి. ఒప్పుకోవడం ఆ తరవాత సంగతండి" అన్నారు పోస్టుమాస్టరుగారు.

"అంటే, ఆయ్ అంటే అవునని కాదంటారు."

"ఆయ్."

అధికారి పెన్ను కింద పెట్టారు. "ఇప్పుడు మీరు ఒప్పుకున్నట్టా, విన్నట్టా?"

"సరిగ్గా అదేనండి మా ఇబ్బంది."

అధికారి నవ్వారు. కంపెనీ మనిషి నవ్వలేదు. తరవాత నా ఎగుమతుల గురించి అడిగితే, చెట్లు ఆరు, కాసేవి అయిదు అని చెప్పాను. కొన్నాళ్ళకి డబ్బంతా వెనక్కొచ్చింది.

అప్పటినుంచీ ఆయన అరుగు ఖాళీగా లేదు. ముమ్మిడివరం నుంచి కూడా ముసలివాళ్ళు సంచుల్లో బాండ్లు పట్టుకుని ఆటోల్లో వచ్చేవారు. అందరూ దూరపు చుట్టాలవే అనేవారు. ఆయన ఎవర్నీ సిగ్గుపడనివ్వలేదు. అందరివీ వెనక్కి రాలేదు. డబ్బు వచ్చినవాళ్ళకి కార్డు రాసేవారు. రానివాళ్ళ ఇంటికి మాత్రం ఎంత దూరమైనా తనే వెళ్ళి, కూర్చుని, చెప్పి వచ్చేవారు.

నా రెండో కంటికీ ఆపరేషనయి కట్టు విప్పిన మర్నాడు ఆయన చూడ్డానికి వచ్చారు. ఎన్నేళ్ళగానో మసగ్గా తెలిసిన మనిషి మొదటిసారి స్పష్టంగా కనిపించారు. ఇంక నాకు కళ్ళు కనపడతాయి కదా అని కాబోలు, మీసానికి రంగు వేసుకొచ్చారు. ఎడమవైపు నల్లగా నిగనిగలాడుతోంది. కుడివైపు వెయ్యడం మరిచిపోయారు. చెవి తమ్మె మీద ఇంత మచ్చ.

"ఎలా కనపడుతున్నానండి అక్కగారూ?"

మా ఇంట్లో పుట్టినవాళ్ళూ పెరిగినవాళ్ళూ ఎవరూ నా చేత తప్పు దిద్దించుకోకుండా గడప దాటలేదు. "బాగున్నారండి" అన్నాను.

ఆయన గొడుగు తెరిచి బయల్దేరారు. కాలవ మీద చిన్న వంతెన దాటుతూ, ఎదురొచ్చిన వాళ్ళందరి దగ్గరా ఆగి, తల ఇటొకసారి అటొకసారి తిప్పుతూ మాట్లాడారు. ఒకవైపు నల్లటి మీసం, ఒకవైపు తెల్లటిది. ఆవలి గట్టు దాకా నాకు అన్నీ కనిపించాయి.