చైను పడిన చోటు

నేను పనిచేసేది కువైట్‌లోని అల్ రాయ్‌లో, ఒక టైర్ల షాపులో. పొద్దున లేచింది మొదలు జీపులకూ ట్రక్కులకూ చక్రాలు విప్పడం, బిగించడం. అలాంటి నా సైకిలుకు ఎనిమిది నెలల పాటు, ప్రతి శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి, రుమైథియాలో ఒకే వీధిలో ఒకే గేటు ముందు చైను ఊడిపోయేది. ఇందులో దెయ్యమూ లేదు, భూతమూ లేదు. ఊడగొట్టేది నేనే.

ఆ గేటు లోపల నా భార్య పనిచేస్తుంది.

ఆమె మా అక్క కూతురు. మాటలు వచ్చిన నాటి నుంచి నన్ను "మామా" అనే పిలిచింది. పెళ్ళయ్యాకా అదే పిలుపు. మా కడప వైపు ఇందులో వింతేమీ లేదు. వింతంతా కువైట్‌కు వచ్చాక మొదలైంది. ఇక్కడ ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళు యజమానురాలిని కూడా మామా అనే పిలవాలి. వీళ్ళ భాషలో ఆ మాటకు అమ్మ అని అర్థం. "ఒక మామ చాల్లేదని ఇంకో మామను చూసుకున్న్యావా" అని మొదట్లో ఫోన్లో ఆటపట్టించేవాణ్ణి. "ఆ మామ అరిచినంత నువ్వు అరవలేవులే, గమ్మునుండు" అనేది.

కంపెనీ వీసా మీద నేను ముందొచ్చాను. రెండేళ్ళకు ఇంటిపని వీసా మీద ఆమె వచ్చింది. ఒకే దేశంలో ఉంటే వారానికి ఒకసారైనా చూసుకోవచ్చనుకున్నాం. మా తెలివి అంతవరకే పనిచేసింది. ఆ ఇంట్లో అంతకుముందున్న పనిమనిషి, ఇక్కడే ఉన్న మొగుడితో కలిసి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిందట. అందుకని మామా మొదటి రోజే అడిగింది, నీ భర్త కువైట్‌లో ఉన్నాడా అని. ఏమనాలో ఏజెంటు ముందే నేర్పి పంపాడు. ఆమె "లా" అంది. లా అంటే లేదు. మేం పోలా, రాలా అంటాం చూడండి, ఈ లా ఆ లాకు చుట్టమే. ఆ ఒక్క అక్షరంతో నన్ను తిరిగి మా ఊరికి పంపేసింది. తర్వాత నిజం చెబుదామంటే, ఇన్నాళ్ళూ అబద్ధమాడావు కాబట్టి నువ్వూ వెళ్ళిపోయే రకమేనని విమానం ఎక్కిస్తారేమోనని భయం. ఆమెకు సెలవు లేదు, బయటికి పంపరు.

ఫోను ఉంది కదా అని మా రూంలో వాళ్ళు అంటారు. ఉంది. మధ్యాహ్నం నాలుగింటికి ఇల్లంతా నిద్రపోయేటప్పుడు చేస్తుంది. ఇల్లు కనబడుతుందని వీడియో పెట్టనివ్వరు. మాట ఒక్కటే. ఆమె మాటతో వచ్చిన చిక్కేమిటంటే, ఎప్పుడు అడిగినా "బాగుండా" అంటుంది. జ్వరంలోనూ బాగుండా, తిండి సరిగా లేకపోయినా బాగుండా. చిన్నప్పుడు మోకాలు పగిలి రక్తం కారుతుంటే, పావడా కిందికి లాక్కుని మా అక్కతో ఇదే మాట చెప్పిన పిల్ల. ఆమె మాటను నమ్మి లాభం లేదు, మనిషిని చూడాలి.

మొదటిసారి బస్సులో వెళ్ళాను. శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంటికి కొడుకులు, కోడళ్ళు, మనవలు అందరూ భోజనానికి వస్తారు. అందుకని ఇంట్లోవాళ్ళు లేవకముందే గేటు ముందున్న బండలన్నీ కడగాలి. ఆ పావుగంట మాత్రం ఆమె వీధిలో ఉంటుంది. వెళ్ళి ఎదురుగోడ పక్కన నిలబడ్డాను. రెండు నిమిషాలు కాలేదు, ఎదురింటి డ్రైవరు వచ్చి "కౌన్ హై? క్యా కామ్ హై?" అన్నాడు. అటుగా వచ్చిన కారొకటి నెమ్మదించింది, అద్దం దిగింది, లోపలి నుంచి ఎవరో అరబ్బీలో ఏదో అడిగారు. ఆ వీధుల్లో ఊరికే నిలబడ్డ మగవాడు దొంగ, లేదంటే అంతకంటే చెడ్డవాడు. నా భార్య నీళ్ళ గొట్టం పట్టుకుని, నేనెవరో ఎరగనట్టు నేలను చూస్తోంది. నేను కూడా ఇల్లు తప్పిపోయినవాడిలా నటిస్తూ నడిచి వెళ్ళిపోయాను. చాలా సిగ్గేసింది, కట్టుకున్న మనిషి ముందు.

వీధి మలుపులో కిరాణా కొట్టులో పనిచేసే మనిషి ఒకాయన సైకిలు బోర్లించి చైను వేసుకుంటున్నాడు. కార్లు ఆయన పక్కనుంచే పోయాయి, పోలీసు బండి కూడా పోయింది. ఒక్కరూ ఏమీ అడగలేదు. సైకిలు చెడిపోయినవాడు ఎక్కడైనా ఆగొచ్చని నాకు అప్పుడు అర్థమైంది.

మా షాపుకు దగ్గర్లోనే శుక్రవారం సంత జరుగుతుంది. పాత బట్టలు, పాత సోఫాలు, పాత సైకిళ్ళు. అందరూ మంచి సైకిలు కోసం వెతుకుతారు, నేను చైను వదులుగా ఉన్నదాన్ని వెతికాను. అమ్మే ముసలాయన బంగ్లాదేశీ, నిజాయితీ గలవాడు. చైనులో ఒక లింకు తీసేస్తే ఇక ఊడదు, ఊరికే తీసిస్తానన్నాడు. "రహ్‌నే దో చాచా" అన్నాను, అలాగే ఉండనిమ్మని. పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. బ్రేకులు, టైర్లు, హ్యాండిలు అన్నీ నేనే సరిచేసుకున్నాను. చైను జోలికి మాత్రం పోలేదు. కావాల్సినచోట వెనక చక్రం నట్టు పానాతో అర చుట్టు వదులుచేసి, మడమతో ఒక్కటి తగిలిస్తే చాలు, చైను చక్కగా జారి కింద పడేది. నా సర్వీసులో అంత శ్రద్ధగా పాడుచేసిన బండి ఇంకొకటి లేదు.

అల్ రాయ్ నుంచి రుమైథియాకు గంట పైన పడుతుంది. రింగ్ రోడ్డు పక్కనే తొక్కాలి. మనకు ఎడమ, ఇక్కడ కుడి. మొదటి వారం అలవాటు కొద్దీ ఎడమవైపు పోతుంటే ఎదురొచ్చే కార్ల హారన్లకు చెవులు దిబ్బెళ్ళు వేశాయి. ఎండాకాలం మొదలయ్యాక హ్యాండిలు పట్టుకోవడానికి గుడ్డ చుట్టుకోవాల్సి వచ్చింది. దుమ్ము లేచిన రోజున పళ్ళ మధ్య ఇసుక కరకరలాడేది. అయినా ఒక్క శుక్రవారం మానలేదు.

ఆమె బండల మీద నీళ్ళు కొడుతూ ఉండేది. నేను తలవంచుకుని చైను చూస్తూ ఉండేవాణ్ణి. ఒకరి ముఖం ఒకరు నేరుగా చూసుకోకుండా మాట్లాడటం నేర్చుకున్నాం.

"తిన్న్యావా?"

"తిన్న్యా. నువ్వేంది, బక్కగయినావ్?"

"బక్కగ కాలా, చెమటకు చొక్కా అట్ల అతుక్కునింది."

"నన్ను చూడొద్దు. చైను చూడు, చైను."

ఇంతే. పది నిమిషాల్లో పెద్ద మాటలేమీ పట్టవు. కానీ ఓరకంటికి మనిషి మొత్తం కనబడుతుంది. నడక తెలుస్తుంది, కళ్ళ కింద నలుపు తెలుస్తుంది. ఒక శుక్రవారం గొట్టం పట్టుకున్న చేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా బొబ్బలెక్కి ఉంది. అంతకుముందు రోజు ఫోన్లో బాగుండా అన్నది ఈమే.

"ఎప్పుడు కాలింది?"

"మొన్న బుధారం. సమోసాలు చేచ్చాంటే నూనె చిందిందిలే."

"ఫోన్లో చెప్పలా?"

"చెప్తే ఏం జేచ్చావ్? ఆడ్నించి ఊదుతావా?"

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ చైను మీదే చూపించాను. మరుసటి శుక్రవారం మందు ట్యూబును నూనె గుడ్డలో చుట్టి గేటు ముందు నీళ్ళు పోయే కాలువ పక్కన వదిలి వచ్చాను. ఆమె చెత్త ఊడ్చినట్టు ఊడ్చి తీసుకుంది. అప్పటినుంచి ఆ పది నిమిషాలు సరదా కాదు నాకు. ఆమె ఎలా ఉందో తెలుసుకోవడానికి నాకున్న దారి అదొక్కటే.

జూన్‌లో ఒక శుక్రవారం, ఎండకు కళ్ళు బైర్లు కమ్మి, చైను ఎక్కిస్తూ పెడలు తిప్పేశాను. వేలు చైనుకూ పళ్ళ చక్రానికీ మధ్య నలిగింది. నేను అరవలేదు. ఆమె అరిచింది, "మామా!" అని.

"ఊఁ" అన్నాను నేను, అలవాటు కొద్దీ. పై అంతస్తులో కిటికీ తెరుచుకుంది. "నఅమ్?" అంది యజమానురాలు, ఏమిటన్నట్టు.

దొరికిపోయామనుకున్నాం. కానీ ఆ అమ్మకు వినబడింది తన పిలుపే. నా భార్య గబగబా తేరుకుని, ఇక్కడ ఎవరో మనిషికి రక్తం కారుతోందని అరబ్బీలో చెప్పింది. మామా తన భర్తను పంపింది. ఇంట్లో అందరూ ఆయన్ని బాబా అంటారు. తెల్లటి పొడుగు చొక్కాలో, నిద్రకళ్ళతో, చేతిలో దూదీ నీళ్ళసీసాతో దిగివచ్చాడు ఆ పెద్దాయన. నన్ను గడప మీద కూర్చోబెట్టి, తన చేత్తోనే వేలికి కట్టు కట్టాడు. సైకిలును చూసి తల అడ్డంగా ఆడించాడు. "సైకల్ ఖర్బాన్" అన్నాడు. పాడైపోయిందని. తర్వాత నన్ను చూపించి "మిస్కీన్" అన్నాడు. పాపమని. ప్రతి శుక్రవారం నేను ఇక్కడ పడే అవస్థ కిటికీలోంచి చూస్తూనే ఉన్నానని సైగలతో చెప్పాడు.

మరుసటి శుక్రవారం నేను ఆగేలోపే గేటు తెరుచుకుంది. బాబా కొత్త సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గేర్లున్న సైకిలు. చైను కనబడకుండా చుట్టూ రేకు కవరు. నట్ల మీద ప్లాస్టిక్ టోపీలు. ఒక టైర్ల మనిషిగా చెబుతున్నాను, దానికి వంక పెట్టడానికి లేదు. నాకు అరబ్బీ రాదని, ఇద్దరమూ ఇండియావాళ్ళమే కదా అని, నా భార్యను పిలిచి పక్కన నిలబెట్టాడు. తాను చెప్పేది నాకు చెప్పమన్నాడు.

ఆమె గొట్టం కిందపెట్టి, చేతులు తుడుచుకుని మొదలుపెట్టింది. "నువ్వు ఎండలో ఈడ పడే తిప్పలు చూళ్ళేక ఆయప్ప కొనకొచ్చినాడంట. ఇంగ నువ్వు ఈడ ఆగే పన్లేదంట."

"వద్దని చెప్పు."

"ఎట్ల చెప్పేది? ఎందుకొద్దని అడిగితే?"

"నాకు పాతదే బాగుందని చెప్పు."

"దానికి చైను నిలవదని ఆయప్పే చూసినాడు గదా."

నేను ఏమంటున్నానని బాబా అడిగాడు. షుక్రాన్ అంటున్నాడని చెప్పింది, ధన్యవాదాలని. పెద్దాయన కళ్ళు చెమర్చాయి. నిజంగా మంచి మనిషి. చెడ్డవాడైతే తిట్టుకునైనా ఉండేవాణ్ణి. ఆయన మళ్ళీ ఏదో అడిగాడు.

"నీకు పెండ్లయిందా అంటాండాడు."

"అయిందని చెప్పు."

"పెండ్లాం యాడుందని అడుగుతాండాడు."

నేను కొత్త హ్యాండిలు వైపు చూశాను. అది తళతళా మెరుస్తోంది.

"ఊర్లో ఉందని చెప్తాండా" అంది ఆమె, నావైపు చూడకుండా. చెప్పింది. బాబా రెండు చేతులూ పైకెత్తి, ఊళ్ళో ఉన్న నా భార్యను దేవుడు చల్లగా చూడాలని దీవించాడు. ఆ దీవెననూ ఆమే తెలుగులోకి మార్చి నాకు చెప్పింది.

ఈలోగా వాళ్ళ డ్రైవరు నా పాత సైకిలును తోసుకుపోయి మూలనున్న చెత్తడబ్బాలో పడేశాడు. "ఖలాస్. యల్లా" అన్నాడు బాబా, అయిపోయింది ఇక బయల్దేరమని నా వీపు తట్టి. నేనెక్కి తొక్కేదాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. తొక్కాను. ఆ దరిద్రపు సైకిలు గాలిలా పోయింది.

తర్వాతి వారం టైరులో గాలి తీసేసి వెళ్ళాను. చక్రం పట్టుకుని ఒక నిమిషం కూర్చున్నానో లేదో, బాబా కారులోంచి కరెంటు పంపు తీసుకొచ్చి గాలి కొట్టేశాడు. నేను నేర్చిన పనిని నా ముందే నాకంటే తొందరగా చేశాడు. ఆయనిచ్చిన కొత్త బండి ఇంకోసారి అదే గేటు ముందు చెడితే ఆ పెద్దాయన మనసు కష్టపెట్టుకుంటాడు, లేదా అనుమానపడతాడు. రెండూ ఆమె మెడకే చుట్టుకుంటాయి. కాబట్టి ఇప్పుడు ఆగను. వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పోతాను, గేటు దగ్గర బెల్లు కొడతాను. వెనక వీధి చుట్టి మళ్ళీ వస్తాను. మూడోసారి తిరగడానికి ధైర్యం చాలదు. ఎంత మెల్లగా తొక్కినా ఆ గేటు ముందు నుంచి దాటిపోవడానికి పది సెకన్లు పట్టదు. బాబా కిటికీలోంచి సంతోషంగా చెయ్యి ఊపుతాడు. నేనూ ఊపుతాను.

పోయిన శుక్రవారం ఆమె ఒక్క చేత్తోనే నీళ్ళు కొడుతోంది. రెండో చెయ్యి చున్నీలో చుట్టుకుని కడుపుకు ఆనించుకుంది. మొదటిసారి దాటినప్పుడు సరిగా చూడలేకపోయాను. రెండోసారి బ్రేకు మీద వేలు వేశాను. పైనుంచి బాబా చెయ్యి ఊపాడు. దాటిపోయాను.

నాలుగింటికి ఫోను వచ్చింది.

"చేతికేమైంది?" అన్నాను.

"యా చేతికి?"

"చున్నీలో పెట్టుకున్న్యావే, దానికి."

"ఏం కాలా. బాగుండా."

"నిజం చెప్పు."

ఊపిరి మాత్రం వినబడుతోంది. తర్వాత "మామా" అంది.

"చెప్పు" అన్నాను. "చెప్పు, వింటాండా."

"వచ్చినా మామా, వచ్చినా" అంది ఇంట్లోకి తిరిగి గట్టిగా, ఆ కంగారులో తెలుగులోనే. ఫోను పెట్టేసింది.