నీళ్ళకు రంగు రాలేదట

మా ఇంట్లో నీళ్ళలో బతికేదేదైనా మా ఆయన సొత్తు. అల్లూరు దగ్గర రొయ్యల గుంటలు మాకు. గుంటలు ఆయనవి, నీళ్ళు చిలికే ఏరేటర్లు ఆయనవి, మేత బస్తాలు ఆయనవి. ఆ బస్తాలు వరండాలో దించితే వచ్చే కంపు మాత్రం నాది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచి నేను విన్న ప్రేమ కబుర్లలో సగం నీళ్ళ ఉప్పదనం గురించే. అందుకే నాకంటూ ఒకటి కావాలనిపించింది. చిన్నదైనా చాలు. అమ్మేది కాదు, తూచేది కాదు, ఎవరి సలహా అక్కర్లేకుండా నేను కూర్చుని చూసుకునేది ఒకటి.

అది ఫోన్లో దొరికింది. ఎవరో అమ్మాయి మాటా పలుకూ లేకుండా అడుగు పొడవున్న గాజు తొట్టిలో మట్టి పోసి, రాళ్ళు పేర్చి, పచ్చటి మొక్కలు నాటి, నీళ్ళు నింపుతోంది. ఆ నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయంటే, అసలు ఉన్నాయో లేవో తెలియలేదు. ఆ వీడియో చూశాక నాకు అన్నం సయించలేదు.

నెల్లూరు వెళ్ళి కావలసినవన్నీ కొన్నాను. తొట్టి, మొక్కల మట్టి, చిన్న లైటు, స్పాంజి ఫిల్టరు, కాసిని మొక్కలు, ఒక నాచు ముద్ద. లోపల ఏం వదిలితే బాగుంటుందని అడిగితే కొట్టతను చిటికెన గోరంత ఎర్రటి రొయ్యల్ని చూపించాడు. మంచినీళ్ళ రొయ్యలట. ఇంతకంటే పెద్దగా పెరగవట. నాచు గిల్లుకుని తింటూ బతికేస్తాయట. నా మనసు అక్కడే పడిపోయింది.

“మీది యాడక్కా?” అన్నాడు.

“అల్లూరు.”

అతను నా మొహం చూశాడు. “అల్లూరు నించి నెల్లూరికొచ్చి రొయ్యలు కొంటుండారా అక్కా?”

పక్కన చేపలు కొనుక్కుంటున్న వాళ్ళు కూడా తిరిగి చూశారు. “మాయి తినేదానికి. ఇయ్యి చూసేదానికి,” అన్నాను. చెబుతుంటే నాకే కాస్త సిగ్గేసింది. అతను నవ్వాపుకుని, ముందు మొక్కలు కుదురుకోనివ్వండి, ఆ తర్వాత వచ్చి రొయ్యలు తీసుకెళ్ళండి అన్నాడు.

ఇంటికొచ్చి ఆ అమ్మాయి చేసినట్టే చేశాను. మట్టి వెనక ఎత్తుగా, ముందు పల్లంగా పోశాను. మట్టి చెదరకుండా సాసరు పెట్టి దాని మీద నీళ్ళు వదిలాను. మొక్కలు నాటే పట్టకారు లేకపోతే కనుబొమలు తీసుకునేది తెచ్చాను. నాటిన మొక్క నాటినట్టే పైకి తేలింది. వరి పండించే ఇంట్లో పుట్టిన దాన్ని, గుప్పెడు మొక్కల్ని నీళ్ళలో నిలబెట్టలేకపోయాను. తేలిందాన్ని మళ్ళీ గుచ్చి, మళ్ళీ తిట్టి, చివరికి ఎలాగో నిలబెట్టాను.

గుంటలు ఎండగట్టిన రోజులవి. గుంటలో నీళ్ళు లేని రొయ్యల రైతు ఇంట్లో ఎంత ప్రమాదమో కట్టుకున్న వాళ్ళకే తెలుస్తుంది. మా ఆయన తొట్టి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పక్క వీధిలో ఉండే మా మరిది కూడా వచ్చి అన్న పక్కన అలాగే నిలబడ్డాడు.

“నీళ్ళిట్టా ఉండాయేందిమే? రంగే రాలా,” అన్నాడు మా ఆయన.

రొయ్యల వాళ్ళకు తేట నీళ్ళు చూస్తే ఒంట్లో బాగోని మనిషిని చూసినట్టుంటుంది. గుంటలో నీళ్ళు పచ్చబడాలి. దాన్నే రంగు రావడం అంటారు. రంగు వస్తే నీళ్ళలో రొయ్యకు తిండి పుట్టినట్టు. రంగు రాని గుంట గట్టున నిలబడ్డ మగవాళ్ళ మొహాలు చూడాలి, పరీక్ష తప్పిన పిల్లాడి తండ్రి కూడా అంత దిగులుగా ఉండడు.

“గుంటకు కొట్టినట్టు అడుగున సున్నం కొట్టినావా వదినా?” అన్నాడు మరిది.

“నీకు కొడతా సున్నం. పో,” అన్నాను.

మొక్కలకు వేళ్ళు దిగాక రొయ్యల్ని తెచ్చి వదిలాను. అవి నాచు మీద పాకుతుంటే పొద్దున కాఫీ అక్కడే, మధ్యాహ్నం కూరగాయలు తరగడం అక్కడే. నాకు సంతోషంగా ఉండేది. ఇంతకంటే సొగసుగా చెప్పడం నాకు రాదు.

అంతలో వెంకటాచలంలో మా అక్క కూతురికి కాన్పయింది. సాయానికి వెళ్ళక తప్పలేదు. వెళ్ళేముందు మా ఆయన్ని తొట్టి ముందు నిలబెట్టి చెప్పాను. “పొద్దున లైటెయ్. మధ్యానం ఆర్పెయ్. ఇంకేం చెయ్యబాక.”

“మేతో?”

“వద్దు. ఏం చెయ్యబాక అంటే ఏం చెయ్యబాక.”

అక్కడి నుంచి ఫోన్ చేసినప్పుడల్లా “బెమ్మాండంగా ఉండాయి, నువ్వు దిగులు పడబాక,” అనేవాడు. నా ఒంట్లో ఎలా ఉందని అడగని మనిషి, నేను అడగకముందే రొయ్యల కులాసా చెబుతుంటే నాకు అప్పుడే అనుమానం రావలసింది. అక్కడ పసిపిల్ల ఏడుపులో పడి రాలేదు.

తిరిగొచ్చి చూద్దును కదా, తొట్టి నిండా చిక్కటి గోంగూర పులుసు. మొక్కలు కనపడవు, రాళ్ళు కనపడవు, నాచు కనపడదు. లోపల ఏదో పెద్ద గాలి పంపు బుడబుడమని పొంగిస్తోంది. లైటు వెలుగుతూనే ఉంది, ఆర్పిన పాపాన పోలేదు. పక్కన స్టూలు మీద నా డబ్బా ఒకటి మూత పెట్టి ఉంది. మూత తీస్తే గుప్పుమంది. తవుడూ బెల్లమూ కలిపి పులియబెట్టిన నీళ్ళు. గుంటలో రంగు రాకపోతే కలిపే మందు.

“చూసినావా? ఎట్టా వచ్చిందో రంగు!” అన్నాడు మా ఆయన. పక్కనే మరిది. ఇద్దరి మొహాలూ వెలిగిపోతున్నాయి. “ఇట్టాంటి రంగు మన గుంటల్లో కూడా ఏ పంటకో గానీ రాలా.”

“నా రొయ్యలేయి?”

“ఉండాయి.”

“కనపడవేం?”

ఆయన నన్ను జాలిగా చూశాడు. “రొయ్య పైకొచ్చి కంటికి కనపడిందంటే రోగమొచ్చినట్టు గదమే. కనపడకుండా ఉండాయంటే బాగుండాయనే.”

అని, తొట్టి అంచున కట్టిన దారం మెల్లగా పైకి లాగాడు. దారం చివర నా టీ వడగట్టే జల్లెడ. గుంటలో మేత తిన్నాయో లేదో చూడ్డానికి వాళ్ళు దించే పళ్ళేనికి ఇది మా ఇంటి రూపం. జల్లెడలో నా ఎర్ర రొయ్యలు ఎగిరెగిరి పడుతున్నాయి. నిజం చెప్పాలి, నేను వదిలినప్పటి కంటే నిగనిగలాడుతున్నాయి. అది నా కోపాన్ని ఇంకా పెంచింది.

“ఏమయ్యా, గాజు తొట్టి ఎందుకు కొన్నాననుకున్నావు? చూసేదానికి! కనపడకుండా పెంచుకోవాలంటే బిందెలో పోసి మూత పెట్టుకోనా? ఇంటి చుట్టూ అన్ని గుంటలుండాయి గదా, ఈ అడుగు గాజు కూడా నీకే కావాల్సొచ్చిందా?” అన్నాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

మరిది చల్లగా జారుకున్నాడు. మా ఆయన దారం పట్టుకునే నిలబడ్డాడు. “నేను బాగా చూసుకున్నా గదమే,” అన్నాడు. ఆయనకి నిజంగానే అర్థం కాలేదు.

పంపు పీకేశాను. సగం నీళ్ళు తోడి, తేట నీళ్ళు పోసి, మొత్తానికి దుప్పటి కప్పాను. వెలుతురు తగలకపోతే పచ్చదనం చస్తుందని చదివాను. కొన్నాళ్ళు అదే పని. నేను బకెట్లతో ఆ పచ్చనీళ్ళు జామచెట్టు మొదట్లో పారబోస్తుంటే, ఆయన వాకిట్లో నిలబడి, పాల బిందె ఒలికినట్టు మొహం పెట్టేవాడు. అడ్డమొస్తే నేనూరుకోనని తెలుసు.

ఒక పొద్దున దుప్పటి తీస్తే నీళ్ళు తేరుకుని ఉన్నాయి. మొక్కలు కొన్ని కుళ్ళాయి గానీ నాచు బతికింది. ఎర్ర రొయ్యలు దాని మీద మేస్తున్నాయి. ఆయన వచ్చి, అలవాటు కొద్దీ చెయ్యి లోపల పెట్టబోయాడు. ఆ చేతి మీద ఒక్కటి కొట్టాను.

“మరి నేనేం చెయ్యాల?”

“ఏం చెయ్యొద్దు.”

“ఏం చెయ్యకుంటే నాయి ఎట్టా అవుతాయి?”

“కావు. ఇయ్యి నాయి,” అన్నాను.

ఆయన వంగి గాజుకు మొహం ఆనించాడు. ఒక రొయ్య సన్నటి ముందుకాళ్ళతో నాచు గిల్లి నోట్లో పెట్టుకుంటోంది, ఈ చేత్తో ఒకసారి, ఆ చేత్తో ఒకసారి. బువ్వ తినే పిల్ల కూడా అంత తీరిగ్గా తినదు.

“ఇట్టా తింటాయా ఇయ్యి?” అన్నాడు.

నేను ఆయన వైపు తిరిగాను. ఈ చేతులతో ఆయన పెంచిన రొయ్యలు లారీలకు లారీలు వెళ్ళాయి. వాటిని ఆయన జల్లెడలో చూశాడు, వలలో చూశాడు, ఐసులో చూశాడు. బతికి, తన మానాన తాను తింటున్న రొయ్యను ఎన్నడూ చూడలేదు. రంగు నీళ్ళలో ఎలా కనపడుతుంది? నాకు నవ్వూ వచ్చింది, జాలీ వేసింది.

ఆయన వెళ్ళి కుర్చీ తెచ్చుకున్నాడు. నా కుర్చీ పక్కన వెయ్యబోయి ఆగాడు.

“ఈడ కూర్చునేదానికి కూడా నిన్నడగాల్నా?”

“అడగాల,” అన్నాను.

కాసేపు కుర్చీ పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నేను రొయ్యల్ని చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్నడిగి చేసిన పని ఒక్కటీ గుర్తు రాలేదు.

“కూర్చోనా?” అన్నాడు.