నల్లోళ్ళిద్దరు

దేశ రాజధానిలోని ముఖర్జీ నగర్‌లో చదువుకుంటున్న మా అమ్మాయిని చూడడానికి వెళ్ళిన రోజే అక్కడ విద్యార్థులు పెద్ద ర్యాలీ తీశారు. జనాన్ని చూసి కొట్లవాళ్ళు షట్టర్లు దించేశారు. లెక్కపెట్టాను: ఆ వరసలో పద్నాలుగు కొట్లకు పదమూడు మూతపడ్డాయి. నాకేమో షుగర్ డౌనయి చేతులు వణుకుతున్నాయి.

మిగిలిన టీకొట్టు షట్టరూ సగం దిగింది. దాని ముందు ఓ ఆఫ్రికా అతను నిలబడి ఉన్నాడు. నేను అతనికి రెండడుగులు దూరంగా నిలబడ్డాను.

పక్క కొట్టాయన హిందీలో అరిచాడు. "దీదీ, ఆ నల్లోళ్ళిద్దర్నీ లోపలికి రానివ్వకు! గొడవలు చేసేది వీళ్ళే!"

రెండోవాడెవడా అని చుట్టూ చూశాను. ఎవరూ లేరు. నేనే.

టీకొట్టావిడ షట్టర్ పైకెత్తింది. "గొడవ చేస్తున్నది నువ్వే భయ్యా. నీ అరుపులకి నా పాలు విరిగేలా ఉన్నాయి!"

లోపల కూర్చోడానికి ఒక్కటే చిన్న బల్ల. ఆఫ్రికా అతను నా చేతులు చూసి దాన్ని నావైపు జరిపాడు. నాకంటే మంచి హిందీలో అన్నాడు: "ముందు అంకుల్‌కివ్వండి దీదీ, చక్కెర ఎక్కువేసి. మా నాన్నకీ ఇలాగే అవుతుంది."

సగం గ్లాసు తాగాక వణుకు తగ్గింది. ఆ ఇద్దరి మేలు ఇప్పటికీ తలచుకుంటాను.

ఒకరికని చేసిన బల్ల అది. కాస్త జరిగి అతన్నీ కూర్చోమన్నాను. ఇద్దరం పట్టాం.