నలభై బారల కొండదారి

సీతారామపురం అవతల కొండ మీది శివుడికి కార్తీకమాసం చివరి సోమవారం తిరునాళ్ళ. ముందురోజు, వానలకు దారిలో పెరిగిన ముళ్ళకంపలను ఊరివాళ్ళే కొడతారు. ఇంటికింత అని దారిని ఎప్పుడో పంచుకున్నారు. మా వంతు నలభై బారలు, అంటే నలభైసార్లు చేతులు చాచినంత. వరసగా మూడేళ్ళు కొట్టకపోతే ఆ వంతు వేరే ఇంటికి పోతుంది. చేను అమ్ముకుని నెల్లూరు చేరాక, రైసుమిల్లులో సెలవు దొరక్క నాయన రెండేళ్ళు వెళ్ళలేదు. ఊళ్ళో మాకంటూ మిగిలింది ఆ దారొక్కటే. అదీ పోతే చుట్టపుచూపుగా వెళ్ళి రావాల్సిందే.

తొంభైల్లో మాట, నేను తొమ్మిదో తరగతి. ఐదింటి బస్సుకు నాయన మూడింటికే లేపాడు. ఆత్మకూరులో ఇడ్లీ తిందామంటే, "తిండి యాడికీ పోదు, బస్సు పోతాది" అని ఉదయగిరి బస్సులోకి తోశాడు. అప్పట్లో ఇద్దరికీ దారి మొత్తానికి ముప్పై రూపాయల్లోపే అయ్యేది. ఉదయగిరిలో మారిన బస్సు కొంతదూరం పోయి, పొంగిన వాగు దగ్గర ఆగింది.

"తగ్గిందాకా కదిలేది లేదు" అన్నాడు కండక్టరు.

"మధ్యాన్నానికి పెద్దోళ్ళు దారి చూడను వస్తారు సామీ" అని నాయన బతిమాలాడు. వాగు వింటుందా, కండక్టరు వింటాడా. మూడు గంటలు కూర్చున్నాం. నాయన బీడీ మీద బీడీ కాల్చాడు.

కొండ చేరేసరికి రెండు దాటింది. పెద్దమనుషులు చూసి వెళ్ళిపోయారు. మా వంతు దారి శుభ్రంగా ఉంది. ఎవరికో ఇచ్చేశారనుకుని నాయన అక్కడే కూలబడ్డాడు. మా కింది వంతు మస్తానయ్య మామది. ఆయన మచ్చుకత్తి పట్టుకుని పైనుంచి దిగాడు.

"ఏంది బావా, ఇప్పుడా వచ్చేది?"

"మా దారి ఎవరికిచ్చినారు?"

"ఎవరికీ ఇయ్యలా. నేనే కొట్టినా. ఆ చివర రేగికంప ఒకటి వదిలినా, చూడు. పని అయిపోవచ్చింది, మనిషి నీళ్ళు తాగను పోయినాడని పెద్దోళ్ళకు చెప్పినా. అంతా నేనే కొడితే నాదైపోదా?" అని కత్తి చేతికిచ్చాడు.

నాయన ఏడుస్తూనే ఆ కంపను నరికాడు. అంతటితో ఆగక, చేతులు గీరుకుని రక్తం కారుతున్నా వేళ్ళు పెకలించబోయాడు.

"చాల్లే బావా, అది మళ్ళా ఏడాదికి మొలవాల" అన్నాడు మామ.

ఊరంటే ఇల్లూ పొలమూ అనుకునేదాన్ని. ఆరోజు నుంచి నాకు ఊరంటే ఆ దారే. నాయన పోయాక మా వంతు నేనే కొడుతున్నాను, చేతకాక అందరిచేతా మాటలు పడుతూ. మీరూ వెళ్ళాలనుకుంటే తిరునాళ్ళ రోజు కాకుండా ముందురోజు పొద్దున్నే చేరుకోండి, ఒక కత్తి పట్టుకుని. అడిగితే ఎవరో ఒకరు తమ వంతులో మీకొక కంప వదులుతారు.