వేలు మేస్త్రి

ఆ మెకానిక్కుకు టార్చిలైటు మీద నమ్మకం లేదు. కంటికి కనపడేది ఎవడికైనా కనపడుతుందనేవాడు. చూపుడువేలు గేరు లోపల పెట్టి తిప్పి, ఏ పన్ను అరిగిందో ఏది విరిగిందో చెప్పేసేవాడు. అందుకే జనం వేలు మేస్త్రి అని పేరు పెట్టారు. పైకి విసుక్కున్నా, ఆ పేరంటే అతనికి ప్రాణం.

ఆ రోజు వచ్చిన ట్రాక్టరుకు ముందు చక్రాలు లాగడం లేదు. ముందు చక్రాలను ఇంజనుకు కలిపే లివరు పడుతోంది, వెనక చక్రాలు బురదలో గిరగిరా తిరుగుతున్నాయి, ముందువి మాత్రం ఉలకవు పలకవు. మేస్త్రి బండి కిందికి దూరి, గేర్‌బాక్సు నుంచి ముందుకు వెళ్లే షాఫ్టును విడదీశాడు. ఆ రెంటినీ లోపలి పళ్లతో పట్టి కలిపే కప్లింగు నిండా గ్రీజు. అందులోనే వేలు పెట్టి చుట్టూ తిప్పాడు.

“ఇది నిక్షేపంగా ఉంది. జబ్బు ముందు యాక్సిల్లోనే.”

“మీరు చెప్పాక తిరుగేముంది!” అన్నాడు ట్రాక్టరు రైతు.

యాక్సిలు మొత్తం ఊడదీసేసరికి పొద్దు వాలింది. లోపలి గేర్లు కొత్త పెళ్లికొడుకుల్లా మెరుస్తున్నాయి. కొండను తవ్వి ఎలుకను పట్టినా కొంత నయం, ఇక్కడ ఎలుక కూడా లేదు.

సామాన్లు డీజిల్లో కడగడం భార్య పని. కప్లింగు కడుగుతూ ఆగిపోయిందావిడ.

“ఏమండీ, ఇందులో పళ్లేవీ? గిన్నెలా నున్నగా ఉందేంటి?”

“నీ మొహం. నేను చూశాగా.”

“ఏదీ, మళ్లీ చూడండి.”

వేలు పెట్టాడు. బొటనవేలూ చిటికెనవేలూ కూడా పెట్టాడు. పళ్ల సంగతి దేవుడెరుగు, ఇనుము తగులుతున్నట్టే తెలియలేదు. పొద్దున పళ్లున్నాయని చెప్పింది వేలు కాదు, ఏళ్ల తరబడి అలవాటు. షుగరుకు మాత్రలు మింగుతూనే ఉన్నాడు. తిమ్మిర్లున్నాయా అని డాక్టరు అడిగితే, కాళ్లకే కదా, చేతులు బాగున్నాయి చాలు అని నవ్వేసి వచ్చాడు.

“ఏం తేలింది మేస్త్రీ?” రైతు దగ్గరికొచ్చాడు.

భార్య నోరు తెరిచేలోగా, “కప్లింగే. అరిగిపోయింది” అన్నాడు.

“అదీ! మీ వేలికి తెలియందేముంది!”

ఆ మెచ్చుకోలుకు మేస్త్రికి ఏడుపొచ్చినంత పనైంది. రైతు అటు వెళ్లగానే, “ఎవరికీ చెప్పకే” అన్నాడు.

“చెప్పను. మరి రేపొచ్చే బండికో?”

మేస్త్రికి భయం వేసింది. తర్వాత ఆవిడ చెయ్యి పట్టుకుని, చూపుడువేలును కప్లింగులో పెట్టాడు.

“మెల్లగా తిప్పు. ఎక్కడ ఎంత అరిగిందో చెప్పు.”