అత్తమ్మ హాలుకు నేను చెప్పిన రంగు

ఆ రోజుల్లో ఈ లోకమంతా తప్పు రంగు వేసుకుని కూర్చుందని నా గట్టి నమ్మకం. మరీ అంత పాత సంగతేం కాదు లెండి, చేతిలో ఫోను, ఫోను నిండా ఇళ్ల ఫోటోలు వచ్చేసిన కాలమే. ఖమ్మంలో ఓ రంగుల షాపులో కొత్తగా ఉద్యోగం. చేసే పని డబ్బాల మూతలు తీసి మెషీన్లో రంగు కలపడం. విజిటింగ్ కార్డు మీద మాత్రం ‘కలర్ కన్సల్టెంట్’. (కార్డులు నేనే అచ్చు వేయించుకున్నాను. ఓనరుకు ఇప్పటికీ తెలియదు.) ఆ ఏడు గ్రే ఫ్యాషన్. ఎక్కడో ఏసీ గదిలో కూర్చున్న మహానుభావులెవరో బూడిద రంగే నాగరికత అని తేల్చారు, మేం తల ఊపాం. అంతకు ముందు ఏడు వాళ్లే ఒక్క గోడ మాత్రం ఎర్రగా ఉండాలన్నారు, దానికీ ఊపాం. బూడిదను బూడిద అంటే ఎవరూ కొనరు కనుక దానికి ‘అర్బన్ యాష్’ అని పేరు పెట్టారు. నేను ఆ పేరును కళ్లు సగం మూసి, గొంతు తగ్గించి పలికేవాణ్ని.

అప్పుడే మణుగూరులో మా మేనమామ ఇల్లు కట్టాడు. బొగ్గు గనిలో డ్యూటీ చేసి చేసి రిటైరైన మనిషి. గృహప్రవేశం దగ్గరపడుతోందనగా షేడ్ కార్డు చంకన పెట్టుకుని బస్సు దిగాను. మంచినీళ్ల చెంబు నా చేతికిచ్చి, నేను తాగేలోపే అత్తమ్మ హాల్లోకి తీసుకెళ్లింది.

“హాలుకు గులాబి రంగు ఏపియ్యాలె బిడ్డా. పెండ్లయినప్పటి సంది క్వార్టర్లనే ఉంటిమి. ఆఫీసోళ్లు ఏసిన పసుపు రంగే చూసుకుంట బతికిన. మేకు కొడ్దామన్నా వాళ్లనే అడగాలె. గీ ఒక్క హాలన్న నాకిష్టమొచ్చినట్టు ఉండాలె.”

మనిషన్నవాడు ఆ మాటకు కరిగిపోవాలి. నేను కన్సల్టెంటును కదా! “గులాబియా అత్తమ్మా? గా రంగు అంగన్‌వాడీలకు ఏస్తరు. చూసినోళ్లు నవ్విపోతరు. ఇప్పుడు పెద్దపెద్దోళ్లందరు గ్రేనే” అన్నాను. మామ గోడ వంక, షేడ్ కార్డు వంక మార్చి మార్చి చూసి, “అల్లుడూ, గోడ ఇప్పుడు గూడ గదే రంగున్నది గదరా” అన్నాడు. సిమెంటుకూ అర్బన్ యాష్‌కూ తేడా తెలియని ఆయన అమాయకత్వానికి జాలిపడి, రంగు అడుగున దాగి ఉండే అండర్‌టోన్ గురించి ఓ ఉపన్యాసం ఇచ్చాను. మేనల్లుడికి మొదటి ఉద్యోగం, కాదంటే చిన్నబుచ్చుకుంటాడని కాబోలు, మామ ఊరుకున్నాడు. అత్తమ్మ “నీ ఇష్టం తియ్” అని వంటింట్లోకి వెళ్లిపోయింది. సిమెంటు గోడకు లప్పం పెట్టించి, ప్రైమర్ కొట్టించి, ఆ పైన రంగు రెండు కోటింగులు వేయించి, మళ్లీ అచ్చం సిమెంటు గోడలా తయారు చేయించాను. ఎంత గర్వమనుకున్నారు!

గృహప్రవేశం నాడు జేబు నిండా కార్డులతో హాలు మధ్యలో నిలబడ్డాను, పొగడ్తలు ఎటు నుంచి మొదలవుతాయా అని. ముందుగా నోరు విప్పింది గనిలో మామతో పనిచేసినాయన. షిఫ్టు సైరన్ లాంటి గొంతు గనుక అందరూ సైరన్ బాబాయి అనేవాళ్లు. నాలుగు గోడలూ కలియజూసి, గొంతు తగ్గించి (అంటే వీధి చివరిదాకా మాత్రమే వినపడేలా), “ఏందన్నా, పైసలు ఒడిసిపోయినయా? నాకో మాట చెప్పకపోతివి!” అన్నాడు. వచ్చినవాళ్లంతా అప్పటిదాకా మర్యాదకు ఆగినట్టున్నారు. “ఇల్లు కట్టుడంటే మాటలా!” అని ఒకరు, “పాలు పొంగిచ్చుకున్నరు గద, రంగులదేమున్నది, మెల్లగ ఏసుకుంటరు” అని ఇంకొకరు. మామకు అక్క, మా పెద్దమ్మయితే అత్తమ్మ గడ్డం పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. కొత్తింట్లో పరామర్శ! మామ ముఖం చూడలేకపోయాను. ఒళ్లు హూనం చేసుకుని కట్టుకున్న ఇంట్లో, నలుగురి ముందు బీదవాడైపోయి నిలబడ్డాడు ఆయన.

ఇది రంగేనండీ, ఫ్యాషనండీ అని చెప్పబోయాను. మామ నా భుజం గట్టిగా నొక్కాడు.

“పైసలకేం తక్కువ లేదు తమ్మీ. ముహూర్తం జల్దీ వచ్చె, రంగు ఇంక ఏయలే. వచ్చే వారం ఏపిస్తం” అన్నాడు బాబాయితో.

రెండు కోటింగుల అర్బన్ యాష్ నా కళ్ల ముందే లేకుండా పోయింది. సైరన్ బాబాయి అంతటితో ఆగితే బాగుండేది, నా వైపు తిరిగాడు. “నువ్వు రంగుల షాపుల చేస్తున్నవంట గద? మరి చెప్పు, గీ హాలుకు ఏ రంగైతే మంచిగుంటది?”

అందరూ నన్నే చూస్తున్నారు. అత్తమ్మ పాయసం గిన్నె పట్టుకుని సరిగ్గా నా ఎదురుగా ఆగింది.

“గులాబి” అన్నాను.

“ఇనుండ్రి! ఖమ్మంల షాపుల చేసే పిలగాడు చెప్తుండు, ఇప్పుడు గులాబేనంట ఫ్యాషన్!” అని అత్తమ్మ హాలంతా వినేలా ప్రకటించి, నాకు ఇంకో గరిటె పాయసం పోసింది.

ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎందరి గోడలకో ఏవేవో రంగులు చెప్పాను. ఫ్యాషన్ మారిన ప్రతిసారీ జనం వాటి మీద వేరే రంగు కొట్టించుకున్నారు. మణుగూరులో ఆ హాలు మాత్రం ఇప్పటికీ గులాబీయే. వెలిసినప్పుడల్లా మళ్లీ అదే వేయిస్తుంది అత్తమ్మ. ఎందుకని అడిగితే, “నువ్వు చెప్పిన రంగు గద బిడ్డా, ఎట్ల మారుస్త?” అంటుంది, ఏమాత్రం నవ్వకుండా. ఆ కుర్ర కన్సల్టెంటు తరఫున నేనే నవ్వి ఊరుకుంటాను.